నాలుగో స్టార్టు

అంబత్తూరు, చెన్నై
ఏప్రిల్ మొదటి వారం

గురూ,

నిన్న ఫోన్ చేస్తే "ఏం లేదక్కా, మళ్ళీ చేస్తా" అని పెట్టేశావు. మొన్నా అదే మాట. ఫోన్లో తప్పించుకున్నంత సులభంగా నువ్వు కాగితం మీద తప్పించుకోలేవని నాకు తెలుసు. అందుకే మీ ఫ్లయింగ్ స్కూలుకి పంపే ఫ్యూజుల పార్సిల్లో ఈ ఉత్తరం పెడుతున్నాను. జవాబు కూడా రాసే పంపు.

మీ విమానంలోంచి తీసిన మా బ్యాటరీ పెట్టె ఒకటి సోమవారం తిరిగొచ్చింది. దానితోపాటు మీ చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ వెంకట్రామ్ గారు సంతకం చేసిన చీటీ. "విద్యార్థిని ముందురోజు సాయంత్రం స్విచ్ ఆఫ్ చేయకుండా వదిలేయడం వల్ల బ్యాకప్ బ్యాటరీ ఖాళీ అయింది. పరీక్షించి పంపగలరు." అంతే. ఖాళీ అయినట్టు ఎప్పుడు తెలిసింది, నేల మీదా, గాల్లోనా, ఒక్క మాట లేదు.

పెట్టె చేసినదాన్ని, నాకు కావలసింది అదే కదా. ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు స్టార్టర్ మోటారు పెద్ద బ్యాటరీని ఒక్కసారిగా పీల్చేస్తుంది. పైలట్ ముందున్న స్క్రీన్లు ఆరిపోయి, మళ్ళీ మొదటి నుంచీ లేచి, ఆయిల్ ప్రెషర్ చూపించేసరికి ఆలస్యమవుతుంది. సరిగ్గా చూడాల్సిన సమయానికి పైలట్ నల్లటి అద్దం ముందు కూర్చుని ఉంటాడు. "అక్కా, దీనికేదైనా చెయ్యవే" అని నువ్వు విసుక్కున్నావనే కదా నేనీ చిన్న బ్యాటరీ పెట్టె మొదలుపెట్టింది. మా ఓనరు ప్రేమ్‌నాథ్ గారిని మీ స్కూలుకి తీసుకెళ్ళి పరిచయం చేసిందీ నువ్వే. గాల్లో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ పోయినా అరగంటసేపు స్క్రీన్లకీ రేడియోకీ కరెంటిస్తుందని బ్రోషర్లో పెద్ద అక్షరాలతో వేసుకున్నాం.

వచ్చిన పెట్టెని ఛార్జి చేసి, టేబుల్ మీద పెట్టి అన్ని పరీక్షలూ చేశాను. ఏ లోపమూ లేదు. రిపోర్టు రాసి పంపేస్తే సరిపోతుంది, కానీ చెయ్యి రావడం లేదు. ఇంట్లో కూడా ఇటునుంచి అటు తిరుగుతుంటే అమ్మ చూసింది. "బాగుండాదని నువ్వే అంటా ఉండావు, మళ్ళీ ఏంది దిగులు?" అంది.

ఆ అమ్మాయి ఎవరు? ఆ రోజు ఏమైంది? దాచకుండా రాయి.

ఇంద్రజ


కల్లుమేడు ఎయిర్‌ఫీల్డ్
ఏప్రిల్ మూడో వారం

అక్కా,

ఫ్యూజులు అందాయి. అమ్మ పంపిన పప్పుల పొడి కూడా అందింది, హాస్టల్లో సగం ఆ రోజే అయిపోయింది.

నువ్వు ఊహించుకున్నంత పెద్ద విషయం కాదు. ఆ అమ్మాయి పేరు రాగిణి, మీ చెన్నై పక్క ఎన్నూరు పిల్లే. ఒంటరిగా ఎగురుతోంది. ఆల్టర్నేటర్ బెల్టు తెగింది. పెద్ద బ్యాటరీ పాతది, ఎక్కువసేపు ఆగలేదు. నీ పెట్టె అందుకోవాల్సింది, అందులో ఏమీ లేదు. స్క్రీన్లూ రేడియో పోయాయి. అయినా దిగేసింది. ఎవరికీ గీత కూడా పడలేదు. చెబితే నువ్వు ఇలా తిరుగుతావనే చెప్పలేదు.

ముందురోజు సాయంత్రం ఆ విమానంలో ఆఖరున దిగింది కూడా తనే. పెట్టె స్విచ్ ఆపకుండా వదిలేసింది, రాత్రంతా ఖాళీ అయింది, పొద్దుటి ట్రిప్పుల్లో మళ్ళీ నిండలేదు అని తేల్చారు. ప్రస్తుతానికి ఇంటికి పంపారు, మే నెలలో నిర్ణయం చెబుతారు. ఇవన్నీ ఇక్కడ మామూలే.

ఈ ఏడు ఎండలు మరీ ఎక్కువ. వర్షాలు వచ్చేలోపు పిల్లల చేత ఎగరాల్సిన గంటలు పూర్తి చేయించాలని ఒక్కో విమానాన్ని రోజుకి నాలుగైదుసార్లు లేపుతున్నారు. దిగడం, పిల్లల్ని మార్చడం, మళ్ళీ స్టార్ట్ చెయ్యడం. మధ్య మధ్య ఎండలో నిలబెట్టిన విమానంలో సీటు బెల్టు బకిల్ పట్టుకుంటే వేళ్ళు బొబ్బలెక్కుతాయి. రాగిణి ఎక్కింది కూడా మధ్యాహ్నం నాలుగో ట్రిప్పులో. ఆ వేడిలో ఎవరికైనా బుర్ర పనిచేయదు.

పెట్టె బాగుందని నువ్వే అన్నావు కదా. ఆ మాటే రాసి పంపెయ్యి.

గురు


అంబత్తూరు
ఏప్రిల్ చివర

గురూ,

నీ ఉత్తరంలో ఎండ గురించి రాసిన నాలుగు వాక్యాలు చదివి నేను భోజనం మధ్యలో లేచాను.

నేను పరీక్షించింది ఏసీ గదిలో. మర్నాడు ప్రేమ్‌నాథ్ గారి కారు షెడ్డు నీడలోంచి తీయించి, యార్డులో ఎండకి నిలబెట్టి, అద్దాలు మూసి, పెట్టెని డాష్‌బోర్డు కింద పెట్టాను. తీగలు బయటికి లాగి, స్టార్ట్ చేసినట్టు లోడు వేయడం, కాసేపు ఎగిరినట్టు ఛార్జి ఎక్కించడం, మళ్ళీ లోడు వేయడం. మొదటిసారి బాగుంది. రెండోసారీ బాగుంది. మూడోసారి పెట్టె నీరసపడింది. నాలుగోసారికి దాంట్లో ఏమీ మిగల్లేదు.

వేడి ఎక్కువైతే ఛార్జింగు ఆగిపోవాలి, లేకపోతే సెల్స్ పాడవుతాయి. అది కావాలని పెట్టిందే. కానీ ఆగిపోయిందని పైలట్‌కి చెప్పేది ఏదీ లేదు. ముందున్న పచ్చ లైటు పెట్టె ఆన్‌లో ఉందని మాత్రమే చెబుతుంది. లోపల ఖాళీ అయినా అది పచ్చగానే వెలుగుతోంది. కారు అద్దంలోంచి దాన్ని చూస్తూ నిలబడ్డాను. చెమట కళ్ళల్లోకి కారుతున్నా తుడుచుకోవాలనిపించలేదు. ఆ లైటు అలా చాలనుకున్నది నేనే.

ప్రేమ్‌నాథ్ గారిని పిలిచి చూపించాను. ఆయన వంగి అద్దంలోంచి ఆ లైటుని చూశారు. తర్వాత మెల్లగా, "ఏమ్మా ఇంద్రజా, ఆ పాప స్విచ్ ఆపలేదని వాళ్ళే రాసిచ్చినారు గదా. మనమే పోయి మా తప్పు అని ఎందుకు చెప్పేది? వచ్చే బ్యాచ్‌లో సరి చేస్తాం. పాతవి ఒక్కోటిగా వాపస్ తెప్పించి మార్చేస్తాం. సద్దు లేకుండా" అన్నారు.

"మార్చేదాకా అవి ఎగరతానే ఉంటాయి గదా సార్" అన్నాను.

"ఈడ పన్నిద్దరం ఉండాం. ఆర్డర్లు పోతే షట్టర్ దించాల్సిందే. అదీ ఆలోచించు" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆయన చెడ్డవాడు కాడు. పక్క యూనిట్లు మూతపడినప్పుడు కూడా మమ్మల్ని ఎవరినీ తీసేయలేదు. అందుకే ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

ఇదంతా నీకు ఫోన్లో చెప్పాను. "సరేలే, జాగ్రత్తగా ఉంటాం" అన్నావు. సగం విన్నట్టే అనిపించింది. ఇప్పుడు రాతలో అడుగుతున్నాను. ఆ రోజు పొద్దున మొదటి ట్రిప్పుకి ముందు విమానాన్ని చెక్ చేసిందెవరు? అప్పుడు స్విచ్ ఆఫ్‌లో ఉందంటే ఆ అమ్మాయి రాత్రి ఆపేసి వెళ్ళినట్టే కదా. చూసినవాళ్ళు ఒకరు ఉండాలి.

ఇంద్రజ


కల్లుమేడు
మే మొదటి వారం

ఇంద్రజక్కకి,

నువ్వు చెప్పింది సగం వినలేదు, పూర్తిగానే విన్నాను. నా దగ్గర నేర్చుకునే పిల్లలందరికీ ఆ పెట్టెని నమ్ముకోవద్దని చెప్పాను. పెద్ద బ్యాటరీ కొలిచి చూడకుండా నేను ఏ విమానమూ ఎక్కడం లేదు.

చెక్ ఎవరు చేశారన్నది విచారణలో అడిగారు, చెప్పాల్సింది చెప్పారు, అయిపోయింది. ఇంక తవ్వకు. రాగిణి తెలివైన పిల్ల. ఇక్కడ కాకపోతే ఇంకో స్కూల్లో గంటలు పూర్తి చేసుకుంటుంది. నీ సంగతి అలా కాదు. పెట్టె మీద మచ్చ పడితే నీకు ఈ రంగంలో మళ్ళీ పని దొరకదు. పన్నెండుమంది సంగతి ప్రేమ్‌నాథ్ గారు చెప్పనే చెప్పారు. ఆయన అన్న దారిలో పోతే ఎవరికీ నష్టం లేకుండా అన్నీ సర్దుకుంటాయి.

ఈసారి వేరే విషయాలు రాయి. అమ్మ చెవి మిషను మార్పించావా?

గురు


అంబత్తూరు
మే మూడో వారం

గురూ,

అమ్మ చెవి మిషను మార్పించాను. ఇప్పుడు బాగానే వినిపిస్తోంది.

ఆదివారం ఎన్నూరు వెళ్ళాను. రాగిణి చిరునామా మీ ఆఫీసులో అడిగితే ఇచ్చారు. బొగ్గు లారీల వెనకాల ఆటోలో వెళ్ళేసరికి చీర కొంగు నల్లబడింది. వాళ్ళ ఇల్లు క్రీక్ అనే సముద్రపు పాయ పక్క వీధిలో. వాళ్ళ అమ్మ లూర్దుమేరి రొయ్యలు ఒలుస్తోంది. నేను పెట్టె చేసినదాన్ననీ, గురుప్రసాద్ సార్ మా తమ్ముడనీ గుమ్మంలోనే చెప్పాను. ఆమె చేతులు ఆగాయి. ఒక్క క్షణం చూసి, లోపలికి రమ్మంది.

రాగిణి తమిళంలో మాట్లాడింది. తను అన్నది అన్నట్టు నీకు తెలుగులో రాస్తున్నాను.

"స్క్రీన్లు రెండూ ఒకేసారి పోయినాయి అక్కా. రేడియోలో ఎవరో మాట్లాడతా ఉండారు, మాట సగంలో తెగిపోయింది. ఇంజిన్ మాత్రం బాగానే తిరగతా ఉంది, దానికి బ్యాటరీతో పని లేదు గదా. ఇంజిన్ ఆగితే ఏం చెయ్యాలో నాకు నోటికొచ్చు. ఇంజిన్ ఉండి మిగిలినవన్నీ పోతే ఏందనేది అప్పుడే ఆలోచించుకున్నా. ముల్లు తిరిగే పాత మీటర్లు రెండు పనిచేస్తా ఉండాయి. రైలు పట్టాలు పట్టుకుని వెనక్కి వచ్చినా. దిగేదానికి తిరుగుతుంటే కింద నుంచి ఇంకో విమానం లేచింది. నేను వస్తా ఉండానని వాళ్ళకి తెలీదు, చెప్పేదానికి నాకు రేడియో లేదు. దాని రెక్క మీద రాసిన అక్షరాలు చదివినానక్కా, అంత దగ్గర."

అది నువ్వు నాకు రాయలేదు గురూ. "దిగేసింది" అని రాశావు.

తర్వాత తను చాలా మామూలుగా అంది. "ముందురోజు నేను స్విచ్ ఆపే దిగినా. పొద్దున గురుప్రసాద్ సార్ నా ముందే చెక్ చేసినారు. స్విచ్ మీద వేలు పెట్టి 'ఆఫ్' అని పైకి చదివినారు. విచారణలో అడిగితే గుర్తు లేదన్నారు. సార్‌కి నిజంగానే గుర్తు లేదా అక్కా?"

వాళ్ళ అమ్మ నా మొహంలోకి చూస్తోంది. నేను లేచి చెప్పులు వేసుకున్నాను. అదే జవాబని వాళ్ళిద్దరికీ అర్థమై ఉంటుంది.

నన్ను కాపాడాలనుకున్నావు. నాకు తెలుసు. కోపం కంటే ముందు నాకు అదే తోచింది, వాడు నా కోసం చేశాడని. ఆటోలో వస్తూ దాన్నే పట్టుకుని కూర్చోవాలని చూశాను, కుదరలేదు. నాకోసం నువ్వు ఆ పిల్లని అక్కడ వదిలేశావు. ఆ పెట్టెలు పెట్టుకుని ఇంకా ఎగురుతున్న వేరే స్కూళ్ళ పిల్లలందర్నీ వదిలేశావు. నీ పిల్లలకి మాత్రం నమ్మొద్దని చెప్పుకున్నావు. ఇలాంటి కాపాడటం నాకొద్దు.

రేపు పొద్దున పరీక్ష ఫలితాలన్నీ పెట్టి, మా పెట్టెలు వాడే ప్రతి స్కూలుకీ, విమానయాన అధికారులకీ నా సంతకంతో మెయిల్ పంపుతున్నాను. ఉత్తరాన్ని మాత్రం ఈ రాత్రి కొరియర్‌లో వేస్తున్నాను, అదే సమయానికి నీకు చేరాలని. ప్రేమ్‌నాథ్ గారికి చెప్పాను. "నీ ఇష్టం, నన్ను అడగొద్దు" అన్నారు. వద్దని మాత్రం అనలేదు. అందులో నీ పేరు లేదు. నువ్వు చూసింది నేను రాయలేను.

ఇంద్రజ


కల్లుమేడు
మే చివర

అక్కా,

నీ ఉత్తరం పొద్దున టిఫిన్ దగ్గర అందింది. చదివి నీ మీద చాలా కోపం వచ్చింది. నాకు చెప్పకుండా ఎన్నూరు వెళ్ళినందుకు, ఆ పిల్ల చేత నా పేరు చెప్పించినందుకు. విమానాలు నిలిపే హాంగర్ వెనక చాలాసేపు నడిచాను. ఎటు తిరిగినా నువ్వు రాసిన చోటికే వస్తున్నాను. ఆ స్విచ్ మీద నా వేలు నాకు కనిపిస్తూనే ఉంది. ఒక్కరోజు కూడా మర్చిపోలేదు.

నీ మెయిల్ వెళ్ళేలోపు నేనే ముందు చెప్పాలని వెంకట్రామ్ గారి గదికి వెళ్ళాను. ఆయన కాకినాడ మనిషి, గట్టిగా అరవరు, అదే భయం.

"సార్, ఆ రోజు పొద్దున స్విచ్ ఆఫ్‌లోనే ఉంది. నేను చూశాను."

"అప్పుడు గుర్తు లేదన్నావు కదయ్యా."

"గుర్తుంది సార్."

"మరెందుకలా చెప్పావు?"

"పెట్టె మా అక్క చేసింది. స్విచ్ ఆఫ్‌లో ఉందంటే తప్పు పెట్టెది అవుతుందని..."

ఆయన కంప్యూటర్ నా వైపు తిప్పారు. నీ మెయిల్ తెరిచి ఉంది. కారు ఫోటో, పట్టికలు, కింద నీ పేరు.

"ఇది వచ్చి అరగంటైంది. నువ్వు నిన్న వచ్చుంటే నీ మాటకి విలువ వేరు. ఇప్పుడు నువ్వు నిజం చెప్పావో, దొరికిపోతానని చెప్పావో నేనెలా తెలుసుకోను?" అన్నారు.

నాకే తెలియదు అక్కా. నిన్న వెళ్ళేవాడినా అని అడిగితే, వెళ్ళేవాడినని రాయలేను.

సాయంత్రానికి మా విమానాలన్నిట్లోంచీ పెట్టెలు తీసేశారు. రాగిణిని రమ్మని కబురు చేశారు. పాత బ్యాటరీని అన్నాళ్ళు ఉంచినందుకు మెకానిక్‌ల మీద కూడా విచారణ వేశారు. నన్ను పాఠాలు చెప్పే పనిలోంచి తప్పించి ఆఫీసులో కూర్చోబెట్టారు. పిల్లల ఎగిరే టైములు బోర్డు మీద రాయడం నా పని.

గురు


అంబత్తూరు
జూలై

గురూ,

ఆలస్యంగా రాస్తున్నాను. కూర్చునే తీరిక లేదు, తీరిక దొరికినా కూర్చోలేకపోతున్నాను.

పెట్టెలన్నీ తిరిగొచ్చి స్టోర్ రూమ్‌లో గోడ వారగా పేర్చి ఉన్నాయి. రెండు స్కూళ్ళు మళ్ళీ మా మొహం చూసేది లేదని రాశాయి. ఒక స్కూలు మాత్రం, వాళ్ళ విమానంలో కూడా ఎండలో పెట్టె ఖాళీ అయిందనీ, తమ పిల్లవాడే స్విచ్ మరిచాడనుకుని తిట్టామనీ రాసింది. ఆ మెయిల్ ప్రేమ్‌నాథ్ గారికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివారు.

అప్పటిదాకా ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు. మర్నాడు పొద్దున నా టేబుల్ దగ్గరికి కుర్చీ లాక్కుని, "తిట్టుకునేది అయిపోయింది. ఇప్పుడు చెప్పు, ఆ లైటుని ఏం చేస్తాం?" అన్నారు. అప్పటినుంచి పనే. ఛార్జి ఎంత ఉందో చూపించే చిన్న మీటరు పెట్టాం. వేడికి ఛార్జింగు ఆగితే పసుపు లైటు వెలిగి, చెవికి వినపడేలా మోగుతుంది. పెట్టెని డాష్‌బోర్డు కిందినుంచి సీటు వెనక చల్లటి చోటికి మార్చాం. అధికారులు ముందు ఒక్క విమానంలో పెట్టి చూడటానికి ఒప్పుకున్నారు. అది మీ స్కూలు విమానమే. వెంకట్రామ్ గారే తీసుకుంటామన్నారు.

అందరం ఇంకా ఇక్కడే ఉన్నాం. ఎన్నాళ్ళుంటామో తెలియదు. జీతాలు సగమే ఇస్తున్నారు. లంచ్ దగ్గర ఒకామె నన్ను చూసి టిఫిన్ బాక్సు తీసుకుని వేరే బెంచీకి వెళ్ళింది.

మీనంబాక్కం ఎయిర్‌పోర్టు వైపు దిగే విమానాలు మన మిద్దె మీదుగా పోతుంటే ఇదివరకు పట్టించుకునేదాన్ని కాదు. ఇప్పుడు ప్రతిదానికీ తల ఎత్తుతున్నాను. అవి పెద్ద విమానాలు, వాటితో నా పెట్టెకి సంబంధం లేదు. అయినా శబ్దం దూరమయ్యేదాకా చేతిలో పని ఆగిపోతోంది.

రాగిణితో మాట్లాడావా?

ఇంద్రజ


కల్లుమేడు
ఆగస్టు

అక్కా,

మాట్లాడాను.

తను వచ్చిన మర్నాడే క్యాంటీన్ బయట ఎదురుపడింది. నేను ముందే కూర్చుకున్న మాటలు ఏవో చెప్పాను. పూర్తిగా విన్నది. తర్వాత అంది, "సార్, మీరు బాగా నేర్పించినారు. ఆ రోజు దిగింది మీరు చెప్పిన పాఠంతోనే. అది ఎవరడిగినా చెప్తా. కానీ పక్క సీట్లో కూర్చునేవాళ్ళు చూసింది చూసినట్టు చెప్తారని నాకు ధైర్యం ఉండాల. వేరే ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగినా." నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. కోపంగా కూడా లేదు. ఉంటే ఇంత కష్టంగా ఉండేది కాదు.

వెంకట్రామ్ గారు తనకి వేరే మనిషిని ఇచ్చారు. తన పేరూ, ఆయన పేరూ పక్కపక్కన బోర్డు మీద రాసింది నేనే.

నిన్న మీ కొత్త పెట్టె ఉన్న విమానంలో రాగిణి మళ్ళీ ఒంటరిగా ఎగిరింది. తనే అడిగి తీసుకుంది. మబ్బు లేదు, ఎండ మండిపోతోంది. ఆ విమానానికి అది ఆ రోజు నాలుగో స్టార్టు. ఆఫీసులో ఉండలేక హాంగర్ నీడలోకి వచ్చి నిలబడ్డాను. స్టార్టర్ తిరిగింది. ప్రొపెల్లర్ రెండుసార్లు తడబడి, మూడోసారి అందుకుంది. అద్దం వెనక రాగిణి తల వంచి లోపలికి చూస్తోంది. స్క్రీన్లు వెలుగుతున్నాయో ఆరిపోయాయో బయట ఉన్నవాడికి తెలిసే దారి లేదు. తను అలాగే చూస్తూ ఉంది. నా పక్కనున్న మెకానిక్ ఏదో అడిగాడు, నాకు వినపడలేదు.

తర్వాత తను తల ఎత్తి, చక్రాలకి అడ్డం పెట్టిన చెక్కలు తీసెయ్యమని చేత్తో సైగ చేసింది. విమానం కదిలి నా ముందు నుంచే పోయింది. నా వైపు చూడలేదు. రన్‌వే చివర తిరిగి ఆగింది, పరుగెత్తింది, లేచింది.

నేను ఆఫీసులోకి వచ్చి, బోర్డు మీద తన పేరు ఎదురుగా బయల్దేరిన టైము రాశాను. దిగే టైము గడి ఖాళీగా ఉంది. సుద్దముక్క చేతిలోనే పెట్టుకుని, తను దిగేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను.

గురు